పెద్ద అలల కోసం సొంత సర్ఫ్‌బోర్డు: థర్మోకోల్ దిమ్మ నుంచి నీళ్ల దాకా

రుషికొండలో నడుము ఎత్తు అలల మీద సర్ఫింగ్ నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఒక రోజు వస్తుంది. నైరుతి రుతుపవనాలు ఊపందుకుంటాయి, అల తల ఎత్తు దాటుతుంది, భుజాలు పీకేలా ఈదినా బోర్డు అల వాలు మీదికి జారదు. అల మన కింద నుంచి తన దారిన తాను వెళ్లిపోతుంది. లేదా ఆఖరి క్షణంలో అందుతుంది. అప్పటికే అది గోడలా లేచి ఉంటుంది కాబట్టి ముక్కు నీళ్లలో దిగబడి మనిషి బోర్లా పడతాడు. నాకు ఆ రోజు వచ్చినప్పుడు చేతిలో ఉన్నది ఆరడుగుల రెండంగుళాల బోర్డు. తప్పంతా నా ఈతదేనని రెండు సీజన్లు నమ్మాను. అందులో సగం నిజం. మిగతా సగం లెక్కల్లో ఉంది.

ఒడ్డుకు దగ్గరపడిన అల వేగాన్ని నీటి లోతు నిర్ణయిస్తుంది. మీటరు ఎత్తు అల సుమారు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది, అక్కడ దాని వేగం గంటకు దాదాపు 13 కిలోమీటర్లు. రెండు మీటర్ల అల రెండున్నర మీటర్ల లోతులోనే విరుగుతుంది, దాని వేగం 18 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బోర్డు మీద పడుకుని చేతులతో ఈదే మనిషి గంటకు ఐదారు కిలోమీటర్లు పోతే గొప్ప. ఈ తేడాను పూడ్చేది అల వాలు. తేడా పెరిగితే మరింత నిటారు వాలు కోసం ఆగాలి, అంటే ఆలస్యంగా అందుకోవాలి. లేదా అల వచ్చేసరికే మన వేగం ఇంకాస్త ఎక్కువగా ఉండాలి. పొడవైన బోర్డు ఇచ్చేది ఈ రెండోదే.

కాబట్టి పెద్ద అలల బోర్డు చేయవలసిన పనులు రెండే. అలను ముందుగా అందుకోవాలి, అందుకున్నాక జారిపోకుండా పట్టు నిలపాలి. బోర్డు ముందరి రెండు వంతులు మొదటి పనికి, వెనుక వంతు రెండో పనికి. కింద చెప్పే ప్రతి కొలతా ఈ విభజనలోంచి వచ్చిందే. ఎక్కడైనా సందేహం వస్తే, ఈ భాగం ఈదడానికా, పట్టుకా అని అడిగితే చాలు, సమాధానం తనంతట తానే దొరుకుతుంది.

ఇక్కడ కట్టేది విశాఖ తీరంలో వర్షాకాలపు అలలకు, అంటే తల ఎత్తు నుంచి దానికి ఒకటిన్నర రెట్ల వరకు సరిపోయే బోర్డు. హవాయిలోని వైమియా లాంటి చోట వాడే పదడుగుల ‘గన్’ వేరే జాతి, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. ఇంతకుముందు ఒక్క బోర్డుకైనా చిన్న మరమ్మతు చేసిన అనుభవం ఉంటే పని సులువవుతుంది.

కొలతలు

70 నుంచి 75 కిలోల మనిషికి నేను సూచించేది ఇది: పొడవు 7 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 20 అంగుళాలు, మందం 2⅞ అంగుళాలు. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి, అందులో 54 శాతం తీసుకుని, 61తో భాగిస్తే ఘనపరిమాణం లీటర్లలో సుమారుగా వస్తుంది. దీనికి 47 లీటర్ల దాకా వచ్చింది. మీరు ఇంకా బరువైతే ముందు పొడవు పెంచండి, తర్వాత మందం. వెడల్పు మాత్రం 20½ దాటనివ్వకండి. వేగంగా పోయేటప్పుడు వెడల్పాటి బోర్డును ఒక అంచు నుంచి మరో అంచుకు ఒరిగించడం కష్టమవుతుంది.

ముక్కు కొస నుంచి 12 అంగుళాల దగ్గర వెడల్పు 11¾ అంగుళాలు, తోక కొస నుంచి 12 అంగుళాల దగ్గర 13½. అన్నిటికంటే వెడల్పైన చోటు మధ్య గీతకు రెండు మూడు అంగుళాలు ముందుకు ఉండాలి. కొన్ని చిన్న అలల బోర్డుల్లో ఇది వెనక్కి ఉంటుంది. దాన్ని ముందుకు జరిపితే ఛాతీ కింద తేలే శక్తి పెరుగుతుంది, తోక వైపు గీత సాఫీగా సన్నబడుతుంది.

ఆ సన్నని తోకకు ఒక కథ ఉంది. 1930ల్లో హోనొలులులో జాన్ కెల్లీ, వాలీ ఫ్రాయిసెత్, ఫ్రాన్ హీత్ అనే కుర్రాళ్లు బరువైన రెడ్‌వుడ్ పలకల మీద సర్ఫింగ్ చేసేవారు. వాటికి ఫిన్‌లు, అంటే తోక అడుగున నిలిచే చేప రెక్కల్లాంటివి, లేవు. అల నిటారైతే చాలు, వెడల్పాటి తోక పక్కకు జారిపోయేది. చివరికి విసిగి గొడ్డలి తీసుకుని హీత్ బోర్డు తోకను సన్నగా చెక్కేశారు. నీళ్లలో వేస్తే పట్టు చిక్కింది. ఇప్పుడు మనకు ఫిన్‌లు ఉన్నా ఆ సూత్రం మారలేదు. తోక సన్నబడితే నీటిలోకి లోతుగా దిగుతుంది, పైకి లేచి జారడం తగ్గుతుంది. మన బోర్డుకు కొస కాస్త గుండ్రంగా ఉన్న సూది తోక పెడదాం. మరీ సూదిగా చేస్తే మన తీరంలోని ఇసుక నేల అలల మీద, రెండు గోడల మధ్య వచ్చే చదునైన చోట బోర్డు చతికిలబడుతుంది.

అడుగు భాగపు వంపు, అంటే బోర్డును నేల మీద పెడితే కొసలు ఎంత లేస్తాయన్నది, ముక్కు దగ్గర 5¼ అంగుళాలు, తోక దగ్గర 2¾. కాగితం మీద ఇది చాలా ఎక్కువగా అనిపించి తగ్గించాలనిపిస్తుంది, తగ్గించకండి. అల నుంచి దిగే క్షణంలో ముక్కును కాపాడేది ఇదే. అయితే వంపంతా చివరి రెండడుగుల్లోనే లేవాలి. మధ్యలో మూడున్నర అడుగుల మేర దాదాపు చదునుగా ఉంటేనే ఈదడం సులువు.

దిమ్మ ఎంచుకోవడం

సర్ఫ్‌బోర్డు లోపలి సరుకు రెండు రకాలు, పాలీయురెథేన్ ఫోమ్, ఈపీఎస్. అమెరికాలో పాలీయురెథేన్ దిమ్మలను ఎక్కువగా సరఫరా చేసిన క్లార్క్ ఫోమ్ 2005 డిసెంబరులో ఉన్నట్టుండి మూతపడింది, ఆ తర్వాతే చాలామంది ఈపీఎస్ వైపు గట్టిగా చూశారు. ఈపీఎస్ అంటే మనం రోజూ చూసే థర్మోకోలే. రొయ్యల పెట్టెలు చేసేది, శీతల గిడ్డంగుల గోడలకు కొట్టేది అదే సరుకు. మనకు అందుబాటులో ఉన్నదీ అదే.

కానీ ప్యాకింగ్ థర్మోకోల్ పనికిరాదు. గిడ్డంగుల గోడలకు దిమ్మలు సరఫరా చేసే వారి దగ్గర ఘనపు మీటరుకు 24 కిలోలు లేదా అంతకంటే ఎక్కువ సాంద్రత ఉన్న దిమ్మ అడగండి. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు చాలు. మాట నమ్మవద్దు, తూకం వేయించండి. ఆ కొలత దిమ్మ ఆరు కిలోల పైన తూగాలి. మూడు కిలోలే తూగితే అది చేపల పెట్టె సరుకు. దుకాణదారు ఎంత ప్రమాణం చేసినా కాటా ఒప్పుకోదు.

చెక్కిన దిమ్మ మీద ఫైబర్ గ్లాస్ గుడ్డ పరిచి, దాన్ని గట్టి పెంకులా మార్చే జిగురు ద్రవమే రెజిన్. దాని విషయంలో ఒక్క పొరపాటు చాలు, పనంతా పోతుంది. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఫైబర్ పడవలు బాగుచేసే చోట దొరికేది సాధారణంగా పాలియెస్టర్ రెజిన్. అందులో స్టైరీన్ ఉంటుంది, అది థర్మోకోల్‌ను తినేస్తుంది. నమ్మకం లేకపోతే ఒక ముక్క మీద చుక్క వేసి చూడండి. నోట్లో వేసుకున్న పటికబెల్లంలా కరిగి గుంట పడుతుంది. థర్మోకోల్‌కు ఎపాక్సీ రెజిన్ ఒక్కటే మార్గం. పడవలకు వాడే, ముక్కముక్కలుగా కత్తిరించిన పోగుల మ్యాట్ కూడా వద్దు. అది రెజిన్‌ను నీళ్లలా తాగి బరువు పెంచుతుంది తప్ప ఆ మేరకు బలం ఇవ్వదు. నేసిన ఫైబర్ గ్లాస్ గుడ్డ, చదరపు మీటరుకు 200 గ్రాములది, ఎనిమిది మీటర్లు తీసుకోండి. ఎపాక్సీ, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపి మూడు కిలోలు. ఇవికాక 4 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ ఒక బద్ద, మైక్రోబెలూన్స్ అనే తెల్లటి తేలిక పొడి అర కిలో, ఫిన్‌లు బిగించే పెట్టెలు మూడు, కాలికి కట్టుకునే తాడును బోర్డుకు బిగించే కప్పు ఒకటి.

ఇదంతా కలిపితే కొన్న బోర్డు కంటే చౌక అవుతుందని ఆశపడవద్దు. మొదటి బోర్డుకు పనిముట్ల ఖర్చు, పాడైన రెజిన్ ఖర్చు కలుస్తాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి వెళ్లగానే. విశాఖలో ఏడాది మొత్తంలో గాలిలో చెమ్మ, వేడి రెండూ కాస్త తగ్గేది ఆ రోజుల్లోనే. ఏప్రిల్‌లో ఎపాక్సీ కలిపితే గుడ్డ మీద పరిచేలోపే గట్టిపడుతుంది, ఉక్కపోతలో పైన జిడ్డు తేలుతుంది. తీరికవేళల్లో చేసుకుంటూ పోతే ఆరేడు వారాలు పడుతుంది. వర్షాకాలం దాకా మిగిలిన సమయం రెజిన్ పూర్తిగా గట్టిపడటానికి వదిలేయవచ్చు.

గది ఏదైనా పర్వాలేదు, వెలుతురు ముఖ్యం. బోర్డుకు రెండు వైపులా, బోర్డు ఎత్తులోనే ఒక్కో ట్యూబ్‌లైటు అడ్డంగా బిగించి, పై దీపాలు ఆర్పేయండి. పక్క నుంచి పడే వెలుగులో గుంటలు, మిట్టలు నీడలై బయటపడతాయి. పై దీపం కింద నున్నగా కనిపించిన బోర్డును ఈ వెలుగులో చూసి నేను మళ్లీ మొదటికి వచ్చిన రోజులున్నాయి.

వేడి తీగతో కోత

ప్లైవుడ్ మీద బోర్డు పక్క నుంచి కనిపించే ఆకారం, అంటే అడుగు వంపు, పైభాగపు వంపు గీసి, రెండు ఒకేలాంటి అచ్చులు కోయండి. మందం మధ్యలో 2⅞ అంగుళాలు, ముక్కు కొస నుంచి అడుగు దూరంలో 1¾, తోక వైపు అడుగు దూరంలో 1⅞. వీటిని దిమ్మకు రెండు పక్కలా మేకులతో బిగించాలి. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో రసమట్టం పెట్టి చూసుకోండి. ఇక్కడ రెండు మిల్లీమీటర్ల తేడా వస్తే బోర్డు మెలి తిరుగుతుంది, ఆ మెలిక తర్వాత ఏ చిత్రికకూ లొంగదు.

అర మిల్లీమీటరు నైక్రోమ్ తీగను 75 సెంటీమీటర్ల మేర విల్లులా బిగించండి. దానికి కరెంటు 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచే ఇవ్వాలి, గోడ ప్లగ్గు నుంచి నేరుగా ఎప్పుడూ ఇవ్వకూడదు. మూడు ఆంపియర్ల లోపు చాలు. వేడి సరిగ్గా ఉంటే తీగ వెన్నలో కత్తిలా జారుతుంది, వెనుక బూజు దారాల్లాంటి పోగులు లేస్తాయి. పొగ వస్తే వేడి ఎక్కువైంది. తీగ మధ్యలో వెనకబడి విల్లులా వంగితే మీరు తొందరపడుతున్నారు. కిటికీలు తీసి ఉంచండి. ఈ పద్ధతి థర్మోకోల్‌కే. పాలీయురెథేన్ దిమ్మను వేడి తీగతో కోస్తే విష వాయువులు వస్తాయి.

కోతకు ఇద్దరు కావాలి. రెండు అచ్చుల మీదా నాలుగంగుళాలకు ఒక గీత పెట్టి అంకెలు వేశాం. మా బావ అటు, నేను ఇటు. “ఏడు” అని నేను అంటే ఆయన కూడా ఏడు మీదికి వచ్చాకే కదలాలి. ముక్కు దగ్గర వంపు పెరిగే చోట నేను ఊపులో తొమ్మిదికి వెళ్లిపోయాను. “ఆగవయ్యా, నేనింకా ఎనిమిదిలోనే ఉన్నాను” అని ఆయన అరిచేసరికి తీగ ఆ మూల అరంగుళం లోపలికి తినేసింది. అదృష్టవశాత్తూ అది గీతకు బయటి వైపు. అప్పటి నుంచి ప్రతి అంకెనూ ఇద్దరం పైకే చదువుతున్నాం.

కోత అయ్యాక మిగిలిన పై, కింది ముక్కలను పారేయవద్దు. కింది ముక్క ఇప్పుడు మీ బోర్డు వంపుకు సరిగ్గా సరిపోయే ఊయల. దిమ్మను మధ్య గీత వెంట నిలువుగా రెండుగా కోసి, మధ్యలో ప్లైవుడ్ వెన్నుబద్దను ఎపాక్సీతో అతికించేటప్పుడు ఆ ఊయలలోనే పడుకోబెట్టి, మధ్యలో ప్లాస్టిక్ షీటు వేసి, పక్కల నుంచి తాళ్లతో బిగించండి. వంపు చెడకుండా, మెలి తిరగకుండా ఆరుతుంది. ఎపాక్సీలో మైక్రోబెలూన్స్ పొడి కలిపి దోసె పిండి కంటే చిక్కగా చేస్తే కారిపోదు.

చిన్న అలలకు వెన్నుబద్ద లేని బోర్డులు చాలామంది చేస్తారు. ఇక్కడ మానవద్దు. తల ఎత్తు అల పెదవి, అంటే విరిగి కిందికి పడే పై అంచు, బోర్డు మధ్యలో పడితే విరగకుండా కాపాడేది, తోక బరువును ముందుకు పంచేది ఈ బద్దే.

ఆకారం తీయడం

సగం బోర్డు ఆకారాన్ని పల్చటి హార్డ్‌బోర్డు మీద గీయాలి. ముందు చెప్పిన వెడల్పుల్లో సగం సగం కొలిచి మేకులు కొట్టి, వాటి వెంట సన్నని వెదురు బద్దను వంచితే గీత దానంతట అదే సాఫీగా వస్తుంది. బద్ద ఎక్కడ మొండికేసి కోణంలా వంగితే అక్కడ మీ కొలత తప్పు, బద్దది కాదు. అచ్చును వెన్నుబద్దకు ఒక పక్క పెట్టి గీసి, తిప్పి రెండో పక్క గీయండి. రంపంతో గీతకు పావు అంగుళం బయట కోసి, మిగిలింది గరుకు కాగితం చుట్టిన పొడవాటి చెక్కతో అరగదీయండి. చిన్న చెక్కతో అరగదీస్తే అంచు పాములా మెలికలు తిరుగుతుంది.

వడ్రంగి చిత్రిక వెన్నుబద్దకు మాత్రమే, అదీ బాగా పదును పెట్టి, పల్చగా. థర్మోకోల్ మీద చిత్రిక పడితే పూసలు గుత్తులుగా ఊడిపోతాయి. 60 నంబరు కాగితం చెక్కకు అంటించి, చేతి బరువు మాత్రమే వేసి, ఒకే దిక్కుగా లాగండి.

అడుగు భాగంతో మొదలుపెట్టండి. ముక్కు నుంచి మధ్య దాటేవరకు చదును. చివరి రెండడుగుల్లో వెన్నుబద్ద ఎత్తుగా ఉండి, రెండు పక్కలకూ మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు దిగేలా ఇంటి కప్పులాంటి వాలు ఇవ్వండి. ఈ వాలు వేగంలో బోర్డు ఒరగడాన్ని సులువు చేస్తుంది. లోతైన గాడులు తీయాలన్న ఉబలాటం ఉంటుంది, చిన్న అలల బోర్డుల్లో అవి బాగానే పనిచేస్తాయి. గాలితో గతుకులుగా ఉన్న పెద్ద అల మీద నాకు చదునే నమ్మకంగా తోచింది.

ఇక అంచులు. ఇవే బోర్డు స్వభావం. అడుగు నుంచి పైకి ఒకేసారి గుండ్రం చేయబోతే రెండు పక్కలు ఎప్పటికీ కలవవు. పై మూలను ముందు 45 డిగ్రీల వాలుగా పొడవునా ఒక పట్టీలా తీయండి, తర్వాత దానికి రెండు వైపులా మరో రెండు సన్నని పట్టీలు, ఆ తర్వాతే గుండ్రం. ప్రతి పట్టీ వెడల్పును రెండు పక్కలా కొలుస్తూ పోతే కళ్లు మోసపోవు. ముందరి రెండు వంతుల్లో అంచు మెత్తగా, గుడ్డు కొసలా, అడుగు వైపు కాస్త లోపలికి ముడుచుకుని ఉండాలి. వెనక్కి వచ్చే కొద్దీ అంచు పల్చబడుతూ, చివరి 16 అంగుళాల్లో అడుగు వైపు పదునైన మూల కావాలి. నీరు అంచును చుట్టుకుని పైకి ఎక్కకుండా అక్కడే తెగిపోవాలి. వేగమూ పట్టూ రెండూ ఆ మూల నుంచే వస్తాయి. థర్మోకోల్‌లో ఆ పదును నిలవదు. ఇప్పటికి దగ్గరగా తెచ్చి వదిలేయండి, రెజిన్‌తో పూర్తి చేద్దాం.

కొలతలన్నీ సరిపోయాక కళ్లు మూసుకుని రెండు అరచేతులతో రెండు అంచులనూ ఒకేసారి ముక్కు నుంచి తోక దాకా నిమరండి. కొలబద్ద వదిలేసిన తేడాలు అరచేతికి తెలుస్తాయి. తెప్పలు, పడవలు చెక్కే వారు చెక్కను ఇలాగే తడిమి చూస్తారు.

లప్పం, గుడ్డ, రెజిన్

థర్మోకోల్ పూసల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. నేరుగా గుడ్డ పరిస్తే ఆ సందులు రెజిన్‌ను తాగేస్తాయి. ముందు పల్చటి లప్పం పట్టించాలి. గోడలకు పెట్టే సిమెంటు లప్పం కాదు, అది బరువు, పైగా రాలిపోతుంది. ఎపాక్సీలో మైక్రోబెలూన్స్ కలిపి, రేకు గరిటెతో గీకినట్టుగా పల్చగా పట్టించి, ఎండాక తేలిగ్గా అరగదీయండి.

గుడ్డ పరిచే పని సాయంత్రం పెట్టుకోండి. వేడెక్కుతున్న దిమ్మలోంచి గాలి బయటికి తన్ని రెజిన్‌లో పొక్కులు లేపుతుంది. చల్లబడుతున్న దిమ్మ అలా చేయదు. మధ్యాహ్నం వేడిగా ఉన్నప్పుడే బోర్డును గదిలో పెట్టి, నాలుగున్నర, ఐదు గంటలకు మొదలుపెడితే ఉష్ణోగ్రత దిగుతూ మన పక్షాన ఉంటుంది.

హార్డ్‌నర్ పాలు డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంతే, కాటా మీద తూచి కలపాలి. పాలియెస్టర్‌లా తొందరగా ఆరాలని నాలుగు చుక్కలు ఎక్కువ వేస్తే ఎపాక్సీ జీవితాంతం జిగటగానే ఉండిపోతుంది. కలిపాక లోతు గిన్నెలో ఉంచవద్దు. రాశిగా ఉన్న రెజిన్ తన వేడికి తానే ఉడికిపోతుంది. మొదటిసారి నేను ఒకేసారి 800 గ్రాములు ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. ఐదో నిమిషంలో మగ్గు చేతికి వెచ్చగా తగిలింది, ఎనిమిదో నిమిషంలో అడుగు మెత్తబడి వంగింది, పదో నిమిషానికి పొగలు కక్కే రాయి మిగిలింది. 300 గ్రాముల చొప్పున కలిపి, వెంటనే బోర్డు మీద పోసేయండి.

ముందు అడుగు భాగం, ఒక పొర. గుడ్డ అంచుల మీదుగా రెండంగుళాలు పైవైపుకు మడిచేలా కత్తిరించి, ముక్కు, తోక దగ్గర ముడతలు పడకుండా చీలికలు పెట్టండి. రెజిన్‌ను మధ్య నుంచి అంచులకు రబ్బరు గరిటెతో నెమ్మదిగా తోయాలి. గుడ్డ తడిస్తే మల్లుపంచె ఒంటికి అంటుకున్నట్టు పారదర్శకం అవుతుంది, నేత మాత్రం కనిపిస్తూనే ఉండాలి. పైన అద్దంలా మెరుస్తూ మడుగు కట్టిందంటే రెజిన్ ఎక్కువైంది, గుడ్డ తేలుతోంది. దాన్ని అంచు మీదుగా కిందికి లాగేయండి. ఒక పొరకు 450 గ్రాముల లోపే పట్టాలి. ఆరాక తిప్పి పైభాగానికి రెండు పొరలు, ఒకదాని మీద ఒకటి తడిగా ఉన్నప్పుడే. ఫిన్‌లు వచ్చే చోట అడుగున మరో చిన్న ముక్క అదనం.

ఇక్కడే బరువు గురించి ఒక మాట. సొంతంగా చేసే వారు అందరూ బోర్డు తేలిగ్గా రావాలని ఆశపడి ఒక పొర తగ్గిస్తారు. పెద్ద అలల బోర్డుకు అది శత్రువు. ఎదురుగాలిలో తేలిక బోర్డు అల ముఖం మీద తబలా వాయిస్తుంది, అల కొన దగ్గర గాలి కిందికి దూరి ఎత్తేస్తుంది. కాస్త బరువున్నది గతుకులను తొక్కుకుంటూ పోతుంది, కదలిక మొదలయ్యాక ఊపు నిలుపుకుంటుంది. ఈ బోర్డు నాలుగు నుంచి నాలుగున్నర కిలోలు తూగితే సంతోషించండి.

తేమ ఉన్న రోజున ఎండిన ఎపాక్సీ మీద సబ్బులాంటి జిడ్డు చేరుతుంది. తర్వాతి పూతకు ముందు దాన్ని నీళ్లతో కడిగి, కాగితంతో రుద్దకపోతే పై పూత పెచ్చులుగా లేస్తుంది. ఇక చేతి తొడుగులు, ఆవిరిని ఆపే కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కు తప్పనిసరి. ఎపాక్సీ ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత ప్రతిసారీ దద్దుర్లే. అరగదీసేటప్పుడు లేచే గాజు ధూళి ఊపిరితిత్తులకు మరీ చేటు.

ఫిన్‌లు, పదును, ఆఖరి పూత

ఆస్ట్రేలియా ఆటగాడు సైమన్ ఆండర్సన్ 1981లో బెల్స్ బీచ్ పోటీని మూడు ఫిన్‌ల బోర్డుతో గెలిచాక ఆ అమరికే ప్రపంచమంతా స్థిరపడింది. మనకూ అదే చాలు. వెనుక ఫిన్ వెనుక అంచు తోక కొస నుంచి 4 అంగుళాలు, ముందరి రెండింటి వెనుక అంచులు 12 అంగుళాలు, బోర్డు అంచు నుంచి లోపలికి 1¼ అంగుళాలు. ముందరి ఫిన్‌లు వాటి పొడవులో పావు అంగుళం మేర ముక్కు వైపుకు కోణంగా తిరిగి, ఐదారు డిగ్రీలు బయటికి వాలి ఉండాలి. ఇంతకంటే ఎక్కువ తిప్పితే బోర్డు చురుగ్గా మళ్లుతుంది గాని వేగంలో బ్రేకు వేసినట్టు లాగుతుంది.

ఫిన్ పెట్టెలకు గుంట తీసేటప్పుడు గుంట పెట్టె కంటే కొద్దిగా వెడల్పుగా ఉండనివ్వండి. ఆ సందులో గుడ్డ పోగులు కలిపిన ఎపాక్సీ నిండితేనే బలం. తాడు కప్పును పైభాగంలో, తోక నుంచి ఐదంగుళాల దూరంలో, వెన్నుబద్దను ఆనుకుని పెట్టండి.

ఇప్పుడు మొత్తం బోర్డుకు నేత పూడేలా నింపు పూత, ఒక్కో వైపు 300 గ్రాముల దాకా. అడుగు భాగానికి పూసేటప్పుడు తోక చివరి 16 అంగుళాల అంచు వెంట మాస్కింగ్ టేపును మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి నిలబెట్టి చిన్న గట్టు కట్టండి. రెజిన్ ఆ గట్టు దాకా నిండి ఆగుతుంది. గట్టిపడ్డాక టేపు పీకేసి, చెక్కకు చుట్టిన కాగితంతో చదునుగా రుద్దితే మనం కోరిన పదును మూల గట్టి రెజిన్‌లో నిలుస్తుంది. గోటితో అంచును అడ్డంగా గీకితే గోరు పట్టాలి, చర్మం తెగకూడదు.

వారం రోజులు కదిలించకుండా ఆరనిచ్చి, 80, 120, 220, 400 నంబర్ల కాగితాలతో వరుసగా అరగదీయండి. తెల్లటి నేత మళ్లీ బయటపడుతోందంటే ఆపేయండి, గుడ్డ తెగితే బలం పోతుంది. ముదురు రంగు వేయకండి. ఎండలో వేడెక్కి లోపలి గాలి ఉబ్బి పైపొర బుడగలా లేస్తుంది. అద్దాలు మూసిన కారులో ఈ బోర్డును వదిలి టిఫినుకు పోవడం కూడా అంతే చేటు.

నీళ్లలోకి

హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇచ్చే సముద్ర స్థితి అంచనాలో అల ఎత్తుతో పాటు రెండు అలల మధ్య విరామం కూడా ఉంటుంది. ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతారు. 14 సెకన్ల విరామంతో వచ్చే 1.2 మీటర్ల అల ఒడ్డు దగ్గర లేచి నిలబడుతుంది. ఏడు సెకన్లతో వచ్చే 1.8 మీటర్ల అల చాలాసార్లు గాలి రేపిన గందరగోళమే. కొత్త బోర్డుకు మొదటిది కావాలి, అదీ ఛాతీ ఎత్తు దాటని రోజున. విశాఖ తీరంలో ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ, ఒంటరిగా వెళ్లవద్దు. తాడు 8 అడుగులది, 7 మిల్లీమీటర్ల మందానిది వాడండి. బరువైన బోర్డు తెగిన తాడుతో ఒడ్డుకు వస్తే ఎదురుగా ఉన్నవాడి పళ్లు రాలతాయి.

మొదటి పది అలలకు మలుపులు తిప్పాలని చూడవద్దు. మామూలుగా అల కోసం ఆగే చోటు కంటే ఐదారు మీటర్లు సముద్రం వైపు కూర్చోండి. అల ఇంకా గుండ్రంగా, లేవకముందే ఈదడం మొదలుపెట్టి చూడండి. అది అక్కడే అందితే ముందరి రెండు వంతులూ కుదిరినట్టే. కిందికి దిగి పక్కకు మళ్లేటప్పుడు తోక కింద చిన్న వణుకు, ఆ వెంటనే జారుడు వస్తే వెనుక అంచు పదును చాలలేదు, లేదా ఫిన్‌లు మరీ చిన్నవి. ముందు కాస్త పెద్ద ఫిన్‌లు మార్చి చూడండి, అప్పటికీ జారితే ఆ 16 అంగుళాల మీద మళ్లీ టేపు గట్టు కట్టండి. ముక్కు ప్రతిసారీ దిగబడుతుంటే బోర్డును తిట్టకముందు మీరు పడుకునే చోటును అరచేయంత వెనక్కి జరపండి.

ఇంటికి తెచ్చాక మంచినీళ్లతో కడిగి, ఫిన్ పెట్టెల చుట్టూ, వెన్నుబద్ద వెంట టార్చి వేసి వెతకండి. వెంట్రుకంత చీలిక కనిపించినా ఆ రోజుకు టేపు వేసి, బోర్డును తోక కిందికి వచ్చేలా రెండు రోజులు నిలబెట్టండి. తడిసిన థర్మోకోల్ తొందరగా ఆరదు. చీలిక దగ్గర చుక్క కారడం పూర్తిగా ఆగాకే దాని మీద రెజిన్ వేయాలి.